ఎనిమిదో పాట దగ్గర

ఆదివారం. విజయనగరంలో పొద్దుటే కరెంటు పోయింది. మబ్బు పట్టి ఉంది, బయట పనేమీ లేదు. ఫోన్‌లో దాచుకున్న అమెరికన్ గాయని లానా డెల్ రే ఆల్బమ్ ‘బోర్న్ టు డై’ని పన్నెండు పాటలూ వరసలో పెట్టాను.

చాలామంది దీన్ని ఆవిడ మొదటి ఆల్బమ్ అనుకుంటారు. కాదు, రెండోది. మొదటిది 2010 జనవరిలో డిజిటల్‌గా వచ్చి కొన్ని నెలలకే అమ్మకం ఆగిపోయింది. ఇది 2012 జనవరి 27న వచ్చింది. బ్రిటన్ అమ్మకాల పట్టికలో నేరుగా మొదటి స్థానం, అమెరికాలో రెండోది. విమర్శకుల లెక్క వేరు: రివ్యూలన్నీ కలిపి లెక్కగట్టే మెటాక్రిటిక్ సగటు 100కి 62, సంగీత పత్రిక పిచ్‌ఫోర్క్ వేసింది 10కి 5.5.

విడుదలకి రెండు వారాల ముందు, జనవరి 14న, అమెరికన్ టీవీ షో ‘సాటర్డే నైట్ లైవ్’లో లైవ్‌గా పాడిన రెండు పాటలూ తేలిపోయాయి. రివ్యూల్లో సగం చిరాకు అక్కడిదేనని నా అనుమానం. ఆవిడ గొంతు బలమంతా మంద్రంలో, అంటే కింది స్థాయిలో ఉంది. మంద్రంలో ఊపిరి కలిపి పాడితే నాదం పల్చబడుతుంది. స్టూడియోలో మైకు పెదవుల దగ్గర పెట్టి, కంప్రెషన్‌తో చిన్న శబ్దాన్ని పైకి లేపి, అదే లైను రెండుసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి పేరిస్తే నిండుగా వస్తుంది. టీవీ లైవ్‌లో అంత ఊతం ఉండదు. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మాది. మంద్రంలో శ్రుతి నిలవడం ఎంత కష్టమో ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు.

అసలు లోపం మాత్రం గొంతుది కాదు, వరసది. ఎనిమిదో పాట ‘రేడియో’ నడుస్తుండగా మేనల్లుడు వచ్చాడు.

“ఏటి మావయ్యా, ఇందాకట్నుంచీ ఒకటే పాటా?”

“ఇది ఎనిమిదోదిరా.”

నమ్మలేదు. వాడి తప్పు సగమే. ఫోన్ స్పీకర్‌లో సుమారు 200 హెర్ట్జ్ కింద ఉండే మంద్ర శబ్దం ఏదీ సరిగా పలకదు. నిర్మాత ఎమిల్ హేనీ హిప్‌హాప్ నుంచి వచ్చినవాడు; పాటకీ పాటకీ తేడా చాలావరకు కింద కొట్టే డ్రమ్ములోనే పెట్టాడు. అది పోతే మిగిలేది వయొలిన్ల గుంపు, పొడుగు రివర్బ్ (ప్రతిధ్వని), గొంతు. మూడూ ఒకే మధ్య స్థాయిలో ముద్దయిపోయి మాటలు కూడా అలుక్కుపోతాయి.

ఇయర్‌ఫోన్ పెట్టి రెండో పాట ‘ఆఫ్ టు ద రేసెస్’ వినిపించాను. చిన్నపిల్ల గొంతులోంచి ఒక్కసారి కిందికి దిగే చోట వాడు నా మొహం చూశాడు. అయినా ఏడు, ఎనిమిది, తొమ్మిది పాటలు ఇయర్‌ఫోన్‌లోనూ అతుక్కునే ఉన్నాయి. అక్కడ తక్కువ మార్కులేసిన విమర్శకులదే రైటు. వాటిలో ఒకటి తీసేసి, పదకొండోదైన ‘సమ్మర్‌టైమ్ శాడ్‌నెస్’ని అక్కడికి తెచ్చి ఉంటే ఊపిరాడేది. ఆ పాట బాణీలో సత్తువ ఉందని తర్వాత తేలింది కూడా: 2013లో సెడ్రిక్ జెర్వే డ్యాన్స్ రీమిక్స్‌తో అమెరికాలో ఆరో స్థానం దాకా ఎక్కింది, మరుసటేడు ఆ రీమిక్స్‌కి గ్రామీ వచ్చింది. గొంతు అదే, కింద తాళం మారిందంతే.

మేనల్లుడు గంటలు మోగుతూ మొదలయ్యే నాలుగో పాట, ‘వీడియో గేమ్స్’, మళ్ళీ పెట్టమన్నాడు. కరెంటింకా రాలేదు. ఛార్జింగ్ 9 శాతం.