అప్‌పార్క్: మంటలకు ముందు రోజు

లండన్ వాటర్లూలో రైలెక్కి గంట పైచిలుకులో పీటర్స్‌ఫీల్డ్‌లో దిగాను. అక్కడి నుంచి టాక్సీ సౌత్ హార్టింగ్ ఊరు దాటి నిటారుగా కొండెక్కింది. పైన గడ్డి మైదానం మధ్యలో ఎర్ర ఇటుకల ఇల్లు, అదే అప్‌పార్క్. 1690 ప్రాంతంలో కట్టారు. చూడగానే కొంచెం నిరాశ కలిగింది. కాలిపోయి మళ్లీ లేచిన ఇంటిని చూద్దామని వస్తే, కాలిన గుర్తే కనపడలేదు.

1989 ఆగస్టు 30 మధ్యాహ్నం, లోపల సందర్శకులు తిరుగుతుండగా ఇల్లు అంటుకుంది. పైకప్పు మీద సీసపు రేకుల మరమ్మతు దాదాపు పూర్తి కావచ్చింది. రేకులు అతికే బ్లోటార్చ్ వేడికి కింది కలప రాజుకుంది. సిబ్బంది, వాలంటీర్లు, ఆ ఇంటి కుటుంబం, ఫైర్ సిబ్బంది వరసగా నిలబడి కింది అంతస్తులోని చిత్రపటాల్ని, కుర్చీల్ని, తివాచీల్ని చేతులు మార్చుకుంటూ పచ్చిక మీదకి చేర్చారు. 18వ శతాబ్దపు బొమ్మరిల్లు కూడా అలాగే బతికింది. పై అంతస్తు, అటక మాత్రం దక్కలేదు. పైన కుటుంబం ఉండే గదుల్లోని సామాను చాలావరకు పోయింది.

నన్ను ఎక్కువగా కట్టిపడేసింది ఆ తర్వాత జరిగిన పని. కూలిన శిథిలాలను లారీల్లో ఎత్తి పారబోయలేదు. ఏ గదిలో ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకుంటూ, బూడిదను చేత్తో జల్లెడ పట్టి, 3 వేలకు పైగా చెత్తడబ్బాల్లో నింపారు. గార ముక్కలు, తలుపు గొళ్లేలు, కాలిన చెక్క చెక్కడాలు, ఏది దొరికినా దాచారు. ఇంటి చుట్టూ ఉన్న ఆవరణే గోదాము, అదే పనిశాల. నేను నడుస్తున్న పచ్చిక కొన్నేళ్ల పాటు అలా ఉండేదంటే నమ్మబుద్ధి కాలేదు.

కూల్చేయాలా, శిథిలంగా వదలాలా, మళ్లీ కట్టాలా అని అప్పట్లో పెద్ద వాదనే జరిగింది. ఇంటిని చూసుకునే నేషనల్ ట్రస్ట్ చివరికి తీసుకున్న నిర్ణయం, మంటలకు ముందు రోజు ఎలా ఉందో అలాగే చేయాలని. కొత్తగా మెరిసేలా కాదు, వెలిసిన రంగులతో సహా. ఖర్చు సుమారు 2 కోట్ల పౌండ్లు, ప్రధానంగా బీమా డబ్బు. 1995లో మళ్లీ తలుపులు తెరిచారు.

సెలూన్ అని పిలిచే పెద్ద గదిలో ఒక వాలంటీరమ్మ టార్చి వేసి కప్పు చూపించారు. తీగలు, ఆకులు అన్నీ గారపని. పాతకాలంలో అచ్చులు పోయకుండా, తడి సున్నం ఆరేలోపు చేత్తోనే ఆకు దిద్దేవారట. ఆ విద్య దాదాపు మరుగున పడింది. మంటల తర్వాత పనివాళ్లు పాత ముక్కల్ని చూస్తూ, చేసి చెడగొట్టి మళ్లీ చేస్తూ, దాన్ని తిరిగి నేర్చుకున్నారు. అందుకే ఏ రెండు ఆకులూ ఒకేలా లేవు. పాతదెక్కడ ఆగి కొత్తది మొదలైందో వెతికాను, నాకు దొరకలేదు. ఆవిడ వేలుపెట్టి చూపించాక కూడా అనుమానంగానే అనిపించింది.

ఈ పట్టుదల ఆ ఇంటికి కొత్త కాదు. ఒకప్పటి ఇంటి యజమాని సర్ హ్యారీ ఫెదర్‌స్టన్‌హా 1825లో, డెబ్బై దాటిన వయసులో, తన పాలశాలలో పనిచేసే మేరీ ఆన్ బుల్లక్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆయన పోయాక ఆమె, ఆ తర్వాత ఆమె చెల్లెలు, ఇంటిని ఆయన ఉంచినట్టే ఉంచారు. 1895 దాకా దాదాపు ఏమీ మారలేదు. ఆ రోజుల్లోనే రచయిత హెచ్. జి. వెల్స్ తల్లి ఇక్కడ ఇంటి పనులన్నీ చూసుకునే హౌస్‌కీపర్. కుర్రవాడిగా వెల్స్ ఈ ఇంటి పుస్తకాలు చదువుకున్నాడు.

ఆ తర్వాత 1930లలో ఇంటి యజమానురాలు లేడీ మీడ్-ఫెదర్‌స్టన్‌హా చివికిపోయిన పట్టు తెరల్ని తానే బాగుచేసింది. సబ్బుకు బదులు సపోనేరియా అనే మొక్క రసంతో ఉతికేది. ఇలా తరాల తరబడి దాచుకుంటూ వచ్చినదాన్ని ఒక మధ్యాహ్నం బూడిద చేస్తే, చూస్తూ ఊరుకోలేరు కదా.

రెండు రోజుల ముందు సర్రీలోని క్లాండన్ పార్క్ అనే మరో పాత ఇంటిని బయటి నుంచి చూశాను. 2015 ఏప్రిల్‌లో నేలమాళిగలోని కరెంటు బోర్డు లోపంతో అంటుకుంది. ఒక్క స్పీకర్స్ పార్లర్ తప్ప లోపలి గదులన్నీ పోయాయి. అదే ట్రస్ట్ అక్కడ లోపలి గదులను మళ్లీ కట్టకుండా, ఇటుక గోడల్ని అలాగే చూపించాలని 2022లో ప్రకటించింది. చూసినప్పుడు నాకు కోపం వచ్చింది. ఒక ఇంటికి ఒక న్యాయం, ఇంకో ఇంటికి ఇంకోటా అని. అప్‌పార్క్ గదుల్లో తిరిగాక ఆ కోపం తగ్గింది. ఇక్కడ సామాను బతికింది, దానికి ఇల్లు కావలసి వచ్చింది. అక్కడ తిరిగి పెట్టడానికి మిగిలిందే కొంచెం.

బయటికి వచ్చి తోటలో కూర్చున్నాను. 1810లలో తోటల రూపశిల్పి హంఫ్రీ రెప్టన్ దిద్దిన తోట ఇది. ఆకాశం తేటగా ఉండటంతో దక్షిణాన సముద్రం సన్నని గీతలా కనపడింది. ఆ రోజు తివాచీలు, బల్లలు, బొమ్మరిల్లు వచ్చి వాలింది ఈ గడ్డి మీదే. టాక్సీ వచ్చి హారన్ కొట్టేదాకా అక్కడే ఉన్నాను.