ముందు గాలి వదలడం నేర్చుకున్నాను: నా ఈత అనుభవం

నిన్న ఆదివారం పొద్దున మా తిరుపతి పూల్‌లో 1900 మీటర్లు ఎక్కడా ఆగకుండా ఈదాను. అది 25 మీటర్ల పూల్, అంటే 76 లెంగ్త్‌లు. 55 నిమిషాలు పట్టింది. ఏడు నెలల కిందట ఇదే పూల్‌లో రెండో లెంగ్త్ సగంలోనే గోడ కోసం చెయ్యి చాచాను. ఆ సంతోషం ఆరకముందే రాసేస్తున్నాను.

పరుగు, సైకిల్ నాకు కొత్త కావు. అలిపిరి నుంచి 3,550 మెట్లు గంటంబావులో ఎక్కుతాను. సెలవు రోజుల్లో కాణిపాకం దాకా సైకిల్ మీద పోయి వస్తాను. గోవా 70.3 ట్రయథ్లాన్ చేయాలని పట్టుదల. ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే పోటీ అది, మొత్తం 70.3 మైళ్ళు. అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. ఈతలో 1 గంట 10 నిమిషాలు దాటితే అక్కడితో సరి, సైకిల్ ముట్టుకోనివ్వరు.

పూల్‌లో చేరడం సులువే. ఫొటోలు, డాక్టర్ సర్టిఫికెట్, ఫీజు, ఒక్క పూటలో అయిపోయింది.

అసలు కథ మొదటి రోజే. "ఈత వచ్చా?" అని కోచ్ అడిగితే "చిన్నప్పుడే వచ్చు" అన్నాను. మా ఊరి బావిలో నడుముకు బెండు కట్టి మా నాయన తోసేస్తే నేర్చుకున్న ఈత అది. బావిలో తల నీళ్ళలో పెట్టేవాళ్ళం కాదు. గట్టు మీద నుంచి ఎవడు నెత్తిన దూకుతాడో చూసుకోవాలి కదా! అదే తల పైకెత్తుకుని పూల్‌లో 40 మీటర్లు పోయేసరికి గుండె గొంతులోకొచ్చింది. మోకాళ్ళమెట్టు దగ్గర కూడా అంత రొప్పు ఎప్పుడూ రాలేదు.

కోచ్ కుర్చీలోంచి లేవలేదు. ఫోన్ చూసుకుంటూనే గట్టిగా అన్నాడు: "సార్, మీకొచ్చింది ఈత కాదు, మునక్కుండా ఉండడం. పిల్లల వైపు పోయి గోడ పట్టుకోండి." సమ్మర్ బ్యాచ్ పిల్లలంతా నవ్వారు. అందులో ఇద్దరు మా బడి పిల్లలు. "మన సారుకు ఈత రాదంట్రా" అన్న మాట నా చెవిన పడింది. ఇరవయ్యేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, రాని పిల్లవాణ్ణి పదిమందిలో అలా అన్నది లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తప్పెక్కడో చెప్పి ఉంటే ఆ మాట కూడా పడేవాణ్ణి. మూడు వారాలు ఆయన చెప్పిందొకటే: "కాళ్ళు గట్టిగా కొట్టండి." కొట్టినకొద్దీ ఇంకా రొప్పేవాణ్ణి.

దారి చూపించింది రోజూ పక్క లేన్‌లో ఈదే ఒక పెద్దాయన. "నాయనా, నువ్వు నీళ్ళలో ఊపిరి బిగబట్టేస్తా ఉండావు. తల పైకొచ్చినాక వదిలి, మళ్ళా పీల్చాలంటే టైమెక్కడిది? ముందు వదలడం నేర్చుకో" అన్నారు. లోపల గాలి వదలకపోతే బొగ్గుపులుసు వాయువు పేరుకుని ఆయాసం పుడుతుంది, మనమేమో గాలి చాల్లేదనుకుంటాం. తల ఎత్తితే నడుము, కాళ్ళు కిందికి దిగి ఒళ్ళు ఏటవాలుగా అవుతుంది. నీళ్ళు గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కన, ఆ ఏటవాలు ఒంటిని తోయడానికే బలమంతా పోతుంది. దానికి తోడు పరుగెత్తేవాళ్ళ చీలమండలు బిగుసుకుని ఉంటాయి. పాదం వెనక్కి చాపుగా సాగక కొక్కెంలా నిలబడి నీళ్ళను పట్టి లాగుతుంది. అలాంటి కాళ్ళతో గట్టిగా కొట్టమంటే ఆయాసం కాక ఏమొస్తుంది?

రెండు వారాలు నడుము లోతులో నిలబడి, ముఖం ముంచి, ముక్కుతో సన్నగా బుడగలు వదిలాను. పిల్లలు చూస్తున్నా పట్టించుకోలేదు. తర్వాత అడుగున నల్ల గీత మీదే చూపు పెట్టి ఈదడం మొదలుపెట్టాను. ఊపిరి పీల్చేటప్పుడు తల ఎత్తకుండా, ఒంటితో పాటు పక్కకు తిప్పాలి. ఒక కళ్ళజోడు అద్దం నీళ్ళలోనే ఉండాలి, రెండోది బయటికి రావాలి. అది కుదిరిన రోజు చెవి పక్కన బుడగల చప్పుడు ఆగకుండా వినిపించింది. 100 మీటర్లు అయ్యాక గోడ పట్టుకోవాలనే అనిపించలేదు.

మిగతాది సాధనే. మోచెయ్యి పైన ఉంచి ముంజేత్తో నీళ్ళు పట్టడం ఒక నెల. తర్వాత 400, 200 మీటర్లు విడివిడిగా గట్టిగా ఈది టైమ్ చూశాను: 11 నిమిషాలు, 5 నిమిషాల 20 సెకన్లు. తేడా 340 సెకన్లు, 200 మీటర్లకు. అంటే నిలకడగా ఈదగల వేగం 100 మీటర్లకు 2:50. వారానికోసారి ఆ వేగంతో వంద మీటర్లు పదిసార్లు, మధ్యలో 20 సెకన్ల విరామం. ఊరికే గంటసేపు ఈదడం కంటే ఇదే పనిచేసింది. చేతులకు తొడిగే ప్యాడిల్స్ మాత్రం కొత్తవాళ్ళు కొనకండి, నాకు భుజం పదిరోజులు పట్టేసింది. ఫోన్ వదలని కోచ్ దొరికితే రెండో రోజే మారిపోండి. మొహమాటపడి నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను.

ఇక పది స్ట్రోకులకోసారి కళ్ళు మాత్రం పైకి తెచ్చి దిక్కు చూసుకోవడం మొదలుపెట్టాలి. గోవాలో ఈత సముద్రంలో, అక్కడ అడుగున నల్ల గీత ఉండదు.