కమ్మచ్చుకు ఇంటి కందెన: ఇప్పటిదాకా తేలింది

రాగి, ఇత్తడి తీగల్ని ఇంట్లోనే సన్నగా లాగే పని పెట్టుకున్నాను. చిన్న గొలుసులు, కరీంనగర్ వెండి పనిలో కనిపించేలాంటి జాలీ ముక్కలు చేయాలని ఆశ. దానికి రకరకాల మందాల్లో తీగ కావాలి. గేజీ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 14, 18 గేజీలు ఎక్కడైనా దొరుకుతాయి. 26 గేజీ ఇత్తడి నాలుగు గజాలు కావాలంటే మాత్రం పెద్ద చుట్ట మొత్తం తీసుకోమంటారు. అందుకని కమ్మచ్చు ఒకటి కొన్నాను, అంటే వరసగా చిన్నవవుతూ పోయే రంధ్రాలున్న ఉక్కు పలక. ఈ రాతంతా ఆ కమ్మచ్చులో తీగ జారడానికి రాసే కందెన గురించే. తక్కిన పని చేత్తో అలవాటయ్యేది. కందెన దగ్గరే తల పట్టుకోవాల్సి వచ్చింది.

సరంజామా పెద్దగా ఏమీ లేదు. మల్కాజిగిరిలో మా ఫ్లాటు వెనక బాల్కనీలో ఒక మందపాటి చెక్క, దాని ఒక చివర వైస్, రెండో చివర రాణీగంజ్‌లో కొన్న చేతి వించి. వైస్‌లో కమ్మచ్చు బిగించి, తీగ మొనను ఆకురాయితో సన్నగా అరగదీసి రంధ్రంలోంచి బయటికి తీసి, పట్టకారుతో పట్టి వించి తిప్పడమే. పట్టకారుకీ వించి తాడుకీ మధ్య సూట్‌కేసులు తూచే డిజిటల్ కాటా తగిలించాను. ఏ కందెనకు ఎంత బలం పడుతోందో అంకెల్లో కనిపించకపోతే ఎవరి మాట వాళ్లదే అవుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం కాస్త లెక్క. 14 గేజీ అంటే 2.03 మిల్లీమీటర్లు. ఒక రంధ్రం నుంచి తర్వాతి రంధ్రానికి వ్యాసం పదో వంతు తగ్గితే, అడ్డుకోతలో లోహం 19 శాతం తగ్గినట్టు. నాలుగు రంధ్రాలు దాటేసరికి సగానికి పైగా తగ్గిపోతుంది, ఇత్తడి బిర్రబిగుసుకుపోతుంది. అప్పుడు కాల్చి మెత్తబరచాలి, లేదంటే తెగుతుంది. 14 నుంచి 26 గేజీ దాకా, అంటే 0.46 మిల్లీమీటర్ల దాకా పోవాలంటే దాదాపు 14 రంధ్రాలు. ఒక అడుగు తీగ ఇంచుమించు ఇరవై అడుగులు అవుతుంది. అంత పొడవునా గీత పడకుండా రావాలి, అదే అసలు పరీక్ష.

ఇంట్లో ఉన్నవాటితో

ముందు కుట్టుమిషన్ నూనె. చేతికి జారుడుగా ఉంటుంది కాబట్టి రంధ్రంలోనూ జారుతుందనిపిస్తుంది. కానీ రంధ్రం గోడకీ తీగకీ మధ్య ఒత్తిడి చాలా ఎక్కువ. పెట్రోలియం నూనె ఆ ఒత్తిడికి పక్కకి తప్పుకుంటుంది, లోహం లోహాన్ని రాసుకుంటుంది. బాగా కాల్చిన 14 గేజీ రాగి మొదటి రంధ్రం దాటడానికే కాటా 22, 23 కిలోలు చూపించింది. అదే తీగకు కొబ్బరి నూనె రాస్తే రెండు మూడు కిలోలు తగ్గింది. కొవ్వు నూనెల్లో ఉండే ఆమ్లాల అణువులకు ఒక కొన లోహాన్ని అంటిపెట్టుకునే గుణం ఉంది. పలచటి పొరే అయినా ఒత్తిడికి ఊడిరాదు. తేడా అంతా అక్కడే ఉంది.

బండి గేర్ ఆయిల్ వాడమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఒత్తిడి తట్టుకునే మాట నిజమే గానీ అందులో కలిపే గంధకం మందులు రాగిని, ఇత్తడిని నల్లబరుస్తాయి. నగ పనికి పనికిరాదు.

బట్టల సబ్బు తురిమి, నీళ్లు చల్లి ముద్ద చేసి చూశాను. ఇది పిచ్చి ఆలోచన కాదు. ఉక్కు తీగ లాగే మిల్లుల్లో తీగను సబ్బు పొడి నింపిన డబ్బాలోంచి పోనిచ్చి ఆపైనే డైలోకి, అంటే రంధ్రమున్న గట్టి అచ్చులోకి, పంపుతారు. అయితే వాళ్లు వాడేది ఆ పనికే తయారుచేసిన సోడియం, కాల్షియం స్టియరేట్ సబ్బులు. మన బట్టల సబ్బులో సోడా, మట్టి లాంటి పూరకాలు ఉంటాయి. బలం బాగానే తగ్గింది గానీ తీగ మీద సన్నటి గీతలు వరసగా పడ్డాయి. సబ్బును పక్కన పెట్టేశాను.

మైనం

కమ్మచ్చు కొన్నది చార్‌కమాన్ దగ్గర సందులో, అవుసుల, అంటే కంసాలుల, పనిముట్లు అమ్మే కొట్లో. అక్కడ కూర్చున్న ఒక పెద్దాయనను, "తాతా, తీగ లాగేటప్పుడు ఏం రాస్తరు?" అని అడిగాను. "తేనెమైనం రుద్దు బిడ్డా, గంతే. నూనె పోస్తే చేతులే జారుతయ్" అన్నాడు. ఆ మాటలో పస ఉంది. మైనం గట్టిగా ఉంటుంది, తీగతో పాటే రంధ్రంలోకి పోతుంది, నేల మీద కారదు.

ఒక్క చిక్కు. ఒట్టి మైనం చలికాలం పొద్దున పెళుసుగా ఉండి తీగకు సరిగా అంటదు, పొలుసులుగా రాలుతుంది. దాన్ని కాస్త మెత్తబరచడానికి ఆముదం కలిపాను. ఆముదానికి ఈ పనిలో పాత పేరే ఉంది. తొలినాటి విమానాల ఇంజన్లలో పోసింది ఈ నూనెనే, క్యాస్ట్రాల్ పేరులో ఉన్నది కూడా క్యాస్టరే. మిగతా వంటనూనెల కన్నా చాలా చిక్కన, లోహాన్ని వదలదు. పాలమూరు, నల్గొండ చేలల్లో పండేదాన్ని వదిలేసి దిగుమతి సరుకు కోసం వెతకడం ఎందుకు?

పాళ్లు తూకంలో: మైనం మూడు వంతులు, ఆముదం ఒక వంతు. మైనం 62 నుంచి 65 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి వేడినీళ్ల గిన్నెలో ఇంకో చిన్న గిన్నె పెట్టి కరిగిస్తే చాలు. నేరుగా మంట మీద పెట్టొద్దు. పొగ వచ్చేదాకా కాగితే ఆముదం జిగురుగా మారుతుంది, అంటుకునే ప్రమాదమూ ఉంది. కరిగాక పాత గుడ్డలో వడగట్టడం తప్పనిసరి. బజారు మైనంలో తేనెటీగల రెక్కలు, ఇసుక రేణువులు ఉంటాయి, ఒక్క రేణువు చాలు తీగంతా గీత పడడానికి. వడగట్టింది లిప్‌బామ్ గొట్టాల్లో పోస్తే చేతికి అంటకుండా తీగ మీద రుద్దుకోవచ్చు.

ఫలితం: ఇందాకటి రాగి తీగే 16 కిలోల దగ్గర సాఫీగా వచ్చింది. ఇత్తడికి సహజంగానే ఎక్కువ పడుతుంది, కానీ లాగేటప్పుడు వచ్చే కిర్రుమనే చప్పుడు పోయింది. ఆ చప్పుడు మాయమైతే కాటా చూడక్కర్లేదు.

తూటాలవాళ్ల చిట్కా

24 గేజీ దాటి సన్నబడేకొద్దీ మైనం బిళ్ల ఇబ్బంది పెట్టింది. చిన్న రంధ్రాల వెనక మైనం పేరుకుని గట్టిపడుతుంది, తీగ మీద మందంగా పడి మెరుపు పోతుంది. పలచగా, సమానంగా పరుచుకునేది కావాలి.

దానికి దారి అనుకోని చోట దొరికింది. అమెరికాలో రైఫిల్ అభిరుచి ఉన్నవాళ్లు కాల్చిన తూటా గొట్టాల్ని ఏరి మళ్లీ వాడుకుంటారు. గొట్టం ఇత్తడిదే, 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. పేల్చినప్పుడు అది ఉబ్బి, తుపాకీలో తూటా కూర్చునే అర కొలతకు సాగుతుంది. దాన్ని మళ్లీ పాత కొలతకు తేవడానికి ఉక్కు డైలోకి నెడతారు. కందెన లేకుండా నెడితే గొట్టం అందులోనే ఇరుక్కుంటుంది, పైకి లాగితే అంచు తెగి వస్తుంది. వాళ్ల డై అయినా, నా కమ్మచ్చు అయినా ఇత్తడికి పెట్టే బాధ ఒకటే. మన దేశంలో తూటాల పని ఆయుధాల చట్టం, లైసెన్సుల వ్యవహారం, దాని జోలి నాకు లేదు. వాళ్ల కందెన మాత్రం చక్కగా పనికొచ్చింది.

వాళ్లు ఇంట్లో చేసుకునేది ఇంతే: లానోలిన్ ఒక వంతు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పది పన్నెండు వంతులు, స్ప్రే సీసాలో కలిపి కుదుపు. లానోలిన్ అంటే గొర్రె ఉన్నికి ఉండే జిడ్డు. గొట్టాల మీద చల్లాక ఆల్కహాల్ ఆవిరయ్యేదాకా ఆగాలి, అప్పుడు ఇత్తడి మీద జిడ్డు పలచటి పొరగా మిగులుతుంది. తడి ఆరకముందే నెట్టినా, ఎక్కువ చల్లినా గొట్టం భుజం దగ్గర సొట్ట పడుతుంది, ఎందుకంటే డైలో చిక్కిన ద్రవం ఎటూ పోలేక ఇత్తడినే లోపలికి నొక్కుతుంది. కందెన ఎక్కువైతే నాకు పోయేది తీగ మెరుపు, వాళ్లకు పడేది సొట్ట.

లానోలిన్ బేగంబజార్‌లో సబ్బులు, క్రీముల ముడిసరుకు అమ్మేచోట దొరికింది. అడిగేటప్పుడు నీళ్లు కలపని రకం అని గట్టిగా చెప్పాలి. లేపనాలకు వాడే ఇంకో రకంలో నాలుగో వంతు నీరే ఉంటుంది. ఆల్కహాల్ జగదీష్ మార్కెట్‌లో ఫోన్లు బాగుచేసేవాళ్లు బోర్డులు తుడిచేదే. శానిటైజర్ మాత్రం వద్దు. అందులో 30 శాతం దాకా నీళ్లు, పైగా గ్లిజరిన్. లానోలిన్ కలవకుండా తరకలుగా తేలుతుంది.

కలిపే పద్ధతి: లానోలిన్ డబ్బాను వేడినీళ్లలో కాసేపు ఉంచితే తేనెలా జారుతుంది. 10 గ్రాములు తీసి 110 మిల్లీలీటర్ల గోరువెచ్చని ఆల్కహాల్‌లో వేసి కుదిపాను. ఆల్కహాల్‌ను పొయ్యి మీద వేడి చేయకండి, సీసాను ఎండలో కాసేపు పెడితే చాలు. దాని ఆవిరి 12 డిగ్రీలకే నిప్పందుకుంటుంది, హైదరాబాద్‌లో చలికాలం కొన్ని తెల్లవారుజాములు తప్ప అంత చలి ఉండదు కాబట్టి దాదాపు ఏడాది పొడవునా ప్రమాదమే. తీగ కాల్చే టార్చీ కూడా అదే బాల్కనీలో ఉంది. అందుకని టార్చీ వెలిగించే పూట స్ప్రే సీసా లోపలి గదిలో, తలుపు వెనక. ఈ ఒక్క విషయంలో ఇంట్లోవాళ్ల సణుగుడు పూర్తిగా న్యాయమే.

తీగను చుట్టగా చుట్టి రెండు వైపులా చల్లి, ఐదు నిమిషాలు ఆరనిచ్చి లాగాను. ఒకసారి చల్లితే రెండు రంధ్రాలకు సరిపోతోంది, మూడోదానికి మళ్లీ చల్లాలి. 26 గేజీ ఇత్తడి మొదటిసారి అద్దంలా వచ్చింది. బలంలో మైనానికీ దీనికీ పెద్ద తేడా లేదు, ఉపరితలంలో ఉంది.

మే నెల

నగరం 40 డిగ్రీలు దాటగానే రెండు కందెనలూ వేరే సరుకులయ్యాయి. లానోలిన్ 38 నుంచి 42 మధ్య మెత్తబడి కరుగుతుంది కాబట్టి బాల్కనీలో మధ్యాహ్నం తీగ మీది పొర పలచటి నూనెలా పక్కకి జారుతోంది. పొద్దున్నే ఏడింటి లోపు లాగితే ఇబ్బంది లేదు. మైనం గొట్టాలు కారిపోలేదు గానీ చేతి వేడికే వంగుతున్నాయి. వేసవికి మైనం నాలుగు వంతులు, ఆముదం ఒక వంతు వేసి వేరే గొట్టాలు పోసి పెట్టాను. చలికాలానికి మళ్లీ మూడుకి ఒకటి.

కందెన వదిలించడం

కందెన ఎంత బాగా జారుతుందో అని అందరూ అడుగుతారు, ఎంత సులభంగా వదులుతుందో అని అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో రెండోదే ముఖ్యం. తీగను కాల్చి మెత్తబరిచేటప్పుడు పైన కొవ్వు మిగిలి ఉంటే అది బొగ్గై అంటుకుంటుంది. ఆ నల్ల పొర తర్వాతి రంధ్రంలో గీత పెడుతుంది, అతుకు పెట్టేచోట ఉంటే సోల్డరు పారదు. తూటాలవాళ్లు కూడా కొలతకు తెచ్చిన గొట్టాల్ని శుభ్రంగా తుడిచాకే తుపాకీ మందు పోస్తారు.

లానోలిన్‌కు ఆల్కహాల్‌లో ముంచిన దూది సరిపోతుంది. మైనం, ఆముదానికి వేడి కుంకుడు రసం. గిన్నెలు తోమే ద్రవం కూడా పనిచేస్తుంది గానీ కుంకుడు రసంలో మరిగిస్తే తీగ చుట్టల మధ్య దాగిన జిడ్డు కూడా వచ్చేస్తుంది. అవుసులవాళ్లు నగలకు వాడేది ఊరికే కాదు. కాల్చాక పడే నలుపుకు చింతపండు రసంలో ఉడికించి, నీళ్లలో కడిగి, ఆరబెట్టాలి. ఇత్తడిని మసక వెలుతురులో కాల్చడం మంచిది. సన్నటి ఎరుపు కనిపించగానే మంట తీసేయాలి. ప్రకాశంగా ఎర్రబడితే జింకు పోవడం మొదలవుతుంది.

అమోనియా ఉన్న మెరుగు ద్రవాలు మాత్రం లాగిన ఇత్తడి దగ్గరికి రానివ్వొద్దు. దీనికి వెనక మన దేశంలో జరిగిన కథే ఉంది. బ్రిటిష్ సైన్యం ఇక్కడ నిల్వ చేసిన ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలంలో వాటంతటవే చీలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, లాగిన లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి పగుళ్లు తెస్తున్నాయని 1921లో తేలింది. నేను చేసే గొలుసు తీగలోనూ ఆ బిగువే ఉంటుంది. అందుకే ఆఖరి రంధ్రం తర్వాత కూడా ఒకసారి తక్కువ వేడి చూపించి నిల్వ చేస్తున్నాను.

కమ్మచ్చు సంగతి కూడా. పని అయ్యాక ఆల్కహాల్‌లో తడిపిన నూలు దారాన్ని ప్రతి రంధ్రంలోంచి లాగి, ఆపైన పలకంతా లానోలిన్ స్ప్రే కొట్టి గుడ్డలో చుడుతున్నాను. జులై వానల్లో పక్కనే ఉన్న సుత్తికి తుప్పు పట్టింది, కమ్మచ్చుకు పట్టలేదు.

ప్రస్తుతం

18 గేజీ దాకా మైనం గొట్టం, 24 దాటితే లానోలిన్, మధ్యలో ఏది చేతికందితే అది. రాగికి ట్రూప్ బజార్‌లో కొన్న ఎర్తింగ్ తీగ చక్కగా సరిపోతోంది, అది మెత్తనిది, చౌక. వెండి ఇంకా మొదలుపెట్టలేదు. రేటు చూస్తే ధైర్యం చాలడం లేదు, ముందు ఇత్తడిలో 30 గేజీ, అంటే 0.31 మిల్లీమీటర్లు, తెగకుండా రావాలి. ఆ రంధ్రాలకు లానోలిన్ ఒకటికి ఆల్కహాల్ పదకొండు పాళ్లు చిక్కగా ఉందనిపిస్తోంది. ఒకటికి పదహారుగా కొత్త సీసా కలిపి పెట్టాను, దసరా సెలవుల్లో లాగి చూడాలి.