ఇల్లు అమ్ముడుపోవాలంటే ముందు బ్రోకర్లను దాటాలి

వేదాయపాళెంలో నాన్న కట్టించిన ఇల్లు అమ్మకానికి పెట్టాం. నలభై అంకణాలు. (మా నెల్లూరు అంకణమంటే 72 చదరపు అడుగులు. తిరుపతి వాళ్లు 36 అనుకుంటారు, ఫోన్లోనే చెప్పేయాలి.)

ఇద్దరు బ్రోకర్లకు అప్పగించాం. మొదటాయన ఫోన్ ఎత్తడు. ఎత్తితే మాత్రం "పార్టీ రెడీగా ఉందన్నా, సాయంత్రం తీసుకొస్తా" అంటాడు. అమ్మ వరండా కడిగి, డికాక్షన్ వేసి కూర్చుంటుంది. ఎవరూ రారు.

రెండో ఆయన తీరే వేరు. పార్టీని తెస్తాడు. తెచ్చి, వాళ్ల ముందే బాత్రూం పక్క గోడకున్న చెమ్మను గోరుతో గీకి, పెచ్చు రాలగొట్టి, "పాత కట్టుబడి సార్, స్థలం రేటు వరకే చూసుకోండి" అన్నాడు. మా దగ్గర రెండు శాతం అడిగేదీ ఆయనే, వాళ్ల తరఫున బేరమాడేదీ ఆయనే! మాకో రేటు, వాళ్లకో రేటు చెప్తాడు. నేరుగా మాట్లాడతామంటే నంబరివ్వడు.

2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ ఉంది గానీ, అది రిజిస్టరైన ప్రాజెక్టుల అమ్మకాలకే. ఇలాంటి పాత ఇళ్ల జోలికి రాదు. ఇంక ఎవరికి చెప్పుకోవాలి?

విసుగొచ్చి ఈసీ (ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) తీయించి, లింకు డాక్యుమెంట్ల (పాత దస్తావేజుల) జిరాక్సులు ఫైల్లో పెట్టి, గేటుకు బోర్డు కట్టేశా: "ఇల్లు అమ్మబడును. ఓనరుతోనే మాట్లాడండి." పక్కవీధి టీచరమ్మ భర్తతో వచ్చి నిదానంగా చూసుకుని వెళ్లారు. అడ్వాన్సు సంగతి ఇంకా తేలలేదు.

ఈలోపు రెండో ఆయన ఫోన్: "బోర్డు కట్టారంటనే! మరి నా కమీషన్ సంగతేందన్నా?"