బాలూ తమ్ముడితో ఒక శనివారం

ఈ రోజంతా రెండు మాటలతోనే గడిచింది: పిల్లల గ్రంథాలయం. మా అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ గది పక్కనున్న చిన్న గదిలో వచ్చే ఆదివారం నుంచి పిల్లల పుస్తకాలు పెట్టబోతున్నాము. తలుపు మీదికి నాలుగడుగుల ఫ్లెక్సీ చేయించే పని నాకు అప్పగించారు. ఉదయం ముందుగా పత్రికల శీర్షికల్లో కనిపించేలాంటి నిటారు అక్షరాలతో కూర్చి చూశాను. స్పష్టంగానే ఉంది కానీ ఏదో కార్యాలయం పేరులా తోచింది. ఆరేళ్ల పిల్ల ఆ తలుపు తోసుకొని లోపలికి రావాలంటే అక్షరాలు అలా బిగుసుకొని నిలబడకూడదు.

అప్పుడు బాలూ తమ్ముడు గుర్తుకు వచ్చింది. ముంబైలోని ఏక్ టైప్ బృందం రూపొందించిన ఈ ఫాంటు లావుగా, కొసలు గుండ్రంగా, ముద్దబ్రష్షుతో తీరిగ్గా చేత్తో రాసినట్టు ఉంటుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. భాలూ అంటే హిందీలో ఎలుగుబంటి, ఆ బొద్దుతనం అక్షరాల్లోనూ ఉంది. ఒక్కొక్క లిపికి ఆయా భాషలవారు అన్ననో తమ్ముణ్ణో పిలిచే ఇంటి పిలుపునే పేరుగా పెట్టారు: గుజరాతీకి భాయ్, బెంగాలీకి దా, పంజాబీకి పాజీ, మలయాళానికి చేట్టన్, తమిళానికి తంబి, కన్నడానికి తమ్మ, మనకు తమ్ముడు. మనకు తమ్ముడు దక్కడం నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే ఈ అక్షరాల్లో పెద్దన్న గాంభీర్యం కాక ఇంట్లో చిన్నవాడి చనువే కనిపిస్తుంది.

అయితే తెలుగు అక్షరాన్ని లావు చేయడం తేలిక కాదు. ‘థా’నే తీసుకుంటే పైన దీర్ఘం, కడుపులో చుక్క, అడుగున ఒత్తు గీత ఉంటాయి, గీత మందం పెరిగినకొద్దీ లోపలి తెలుపు తరిగి, చివరికి చుక్క గోడలకు అతుక్కొని ‘థా’ కాస్తా ‘ధా’ అయిపోతుంది. తెరమీద నాలుగింతలు పెద్దది చేసి చూస్తే చుక్క చుట్టూ తెలుపు మిగిలే ఉంది. ఇంత ఆటగా కనిపించే అక్షరం వెనుక ఎంత ఓపికైన లెక్క ఉందో అనుకుంటూ చాలాసేపు దానినే చూస్తూ కూర్చున్నాను. ఈ ఫాంటు రెండో కూర్పైన బాలూ తమ్ముడు 2లో రెగ్యులర్ మొదలు ఎక్స్‌ట్రా బోల్డ్ దాకా ఐదు మందాలు ఉన్నాయి. అన్నింటికన్నా లావైనదే తీసుకున్నాను. పై వరుసలోని లావత్తు కింది వరుసలోని దీర్ఘాన్ని తాకుతుంటే వరుసల మధ్య ఎడం పెంచవలసి వచ్చింది. వత్తులున్న భాషకు ఆ చోటు ఇవ్వక తప్పదు.

సాయంత్రం ఫ్లెక్సీ దుకాణంలో ఫైలు తెరవగానే నా మనసు చివుక్కుమంది. అక్కడి పాత సాఫ్ట్‌వేరు యూనికోడ్ తెలుగును సరిగా కూర్చలేక, ‘గ్ర’కు ఉండవలసిన క్రావడిని విడదీసి, పొల్లు పెట్టిన గకారం పక్కన రకారాన్ని విడిగా నిలబెట్టింది, ‘పిల్లల’లోని వత్తుదీ అదే గతి. “కర్వ్స్ చేసి తీసుకురండి సార్, ఇక ఏమీ మారదు” అని ఆ కుర్రవాడు ఓపికగా చెప్పాడు. ఇంటికి తిరిగి వచ్చి, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరు ఇంక్‌స్కేప్‌లో అక్షరాలన్నింటినీ గీతలుగా మార్చి, పీడీఎఫ్ చేసి మళ్లీ పట్టుకెళ్లాను. ఈసారి క్రావడి గకారాన్ని వదలలేదు.

రాత్రి ఎనిమిదిన్నరకు ఇంకా సిరా వాసన పోని ఫ్లెక్సీని హాలులో గోడకు ఆనించి, వంటింటి గుమ్మం దాకా వెనక్కి నడిచి చూశాను. అంత దూరం నుంచి కూడా ‘థా’ కడుపులో చుక్క కనిపిస్తోంది.