బరకం కింద అరకు ప్రయాణం

శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు మొదలయ్యేదాకా, జీపుకు పైకప్పు లేకపోవడం మాకు గర్వంగానే అనిపించింది. విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. ఆ దూరమంతా ఆకాశం కింద కూర్చుని వెళ్లాలన్న ముచ్చటతోనే మా బావమరిది తన పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపును ఆగస్టు నెలాఖరులో బయటికి తీశాడు. కాన్వాసు టాపు ఉండటం ఉంది, కాని దాన్ని మడిచి వెనుక సీటు కింద కుక్కి ఆరు నెలలైంది. వాన వస్తే రెండు నిమిషాల పని అని అతను అంటే నేనూ నమ్మాను. నాలుగు చక్రాలనూ లాగించే ఆ రెండో గేరు రాడ్డుతో దారి పొడవునా మాకు పని పడలేదు. తారు రోడ్డు మీద మాకు కావలసింది నాలుగు చక్రాల బలం కాదనీ, తలదాచుకునే గుడ్డ అనీ టైడా దాటాక తెలిసింది.

వాన చెప్పాపెట్టకుండా దిగింది. టాపు విప్పితే లోపల నల్లటి బూజు మచ్చలు, కంపు. పోయినసారి తడిగా ఉన్నప్పుడే మడిచేసిన ఫలితం అది. ప్లాస్టిక్ కిటికీలు మడత పడిన చోటల్లా పగిలాయి, జిప్పు సగం దాకా వచ్చి మొరాయించింది. పైగా బావమరిది ఎప్పుడో దాన్ని బట్టలసబ్బు పొడితో రుద్ది రుద్ది ఉతికాడట. నీరు జారిపోవడానికి కాన్వాసుకు పట్టించే మైనపు పూత ఆ ఉతుకుతోనే పోయి ఉంటుంది, ఎందుకంటే కప్పిన పది నిమిషాలకే కుట్ల వెంట నీళ్లు నా మెడ మీదికి కారడం మొదలుపెట్టాయి. రెండు నిమిషాల పనికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో సీట్లు ఎంత తాగాలో అంతా తాగేశాయి.

అసలు ఆశ్చర్యం ఆ తరువాత. పైన గుడ్డ ఉంది, ముందు అద్దం ఉంది, అయినా మా వీపులు తడుస్తున్నాయి. వెనుక పరదా వేయడం అనవసరమనుకుని వదిలేశాం. బండి కదులుతున్నప్పుడు గాలి వెనుక నుంచి సుడి తిరిగి లోపలికి వస్తుందనీ, చక్రాలు చిమ్మే నీళ్లనూ పొగనూ కూడా వెంట తెస్తుందనీ నాకు అప్పటిదాకా తట్టలేదు. ఒక మలుపులో హారన్ తనంతట తానే మోగడం మొదలుపెట్టి ఆగనంది. ఎదురొచ్చే లారీలవాళ్లు మమ్మల్ని తిట్టుకుంటూ పోయారు. స్టీరింగు దగ్గర తీగలు తడిసి ఒకదానికొకటి కలిసిపోయాయన్నమాట. బండి పక్కకు ఆపి, ఇంజను కట్టేసి, డాష్‌బోర్డు కింద చేయి పెట్టి హారన్ ఫ్యూజు పీకితే గాని కొండల్లో నిశ్శబ్దం తిరిగి రాలేదు.

అనంతగిరిలో టీ కొట్టు ముందు ఆగితే, సంతకు జనాన్ని చేరవేసే సర్వీసు జీపు డ్రైవరొకాయన మా అవతారం చూసి నవ్వాడు. "పైన కట్టీసి ఏటి లాభం బాబూ, ఎనకంతా తెరిచీసి ఉంది కదా?" అన్నాడు. తన బండిలోంచి ఒక నీలం బరకం తీసి, మా జీపు చట్రం మధ్యలో వెదురుకర్రను పొడవునా ఆనించి, దాని మీదుగా ఇంటికప్పులా రెండు వైపులా వాలు వచ్చేటట్టు కప్పాడు. గుడ్డ చదునుగా పరిస్తే నడుమ నీళ్లు నిలిచి, ఆ బరువుకు కుట్లు తెగుతాయట. వెనుక భాగాన్ని ముందు కట్టి, ఆ తరువాతే పక్కల సంగతి చూశాడు. అంతా అయ్యాక రబ్బరు మ్యాట్లు ఎత్తించి, నేలరేకులో ఉన్న రెండు బిరడాలను పీకాడు. చెంబెడు కాదు, బిందెడు నీళ్లు ధారగా రోడ్డు మీద పడ్డాయి. వాటి మీద పాదాలు పెట్టుకుని కూర్చుని ఇంత దూరం వచ్చామన్నమాట. బరకానికి ఆయన కొన్న ధరే తీసుకున్నాడు, కర్రకు పైసా అడగలేదు. పక్క కొట్టులో మాత్రం అదే వెదురు బొంగులో ఉడికించిన కోడికి నాలుగు వందలు చెప్పారు. ముక్కలు లెక్కపెడితే ఆరు.

అరకులో మేము ఏం చూశామో చెప్పడానికి పెద్దగా లేదు, ఎందుకంటే బసలో ఉన్న సమయమంతా సీట్లతోనే సరిపోయింది. రాత్రి బండిని బరకంతో నిండా కప్పేద్దామని బావమరిది అంటే నేను వద్దన్నాను. చిన్నప్పుడు మా ఊళ్లో కళ్లంలో కోత ధాన్యం తడిసినప్పుడు, దాని మీద వెంటనే బరకం కప్పిన పొరుగు రైతును నాన్న కేకలేసి ఆపడం నాకు గుర్తుంది. తడి మీద కప్పితే లోపల ఆవిరి పుట్టి గింజ మొలకెత్తుతుంది. స్పాంజికి మొలకలు రావు గాని బూజు వస్తుంది, తివాచీ కింద రేకు తుప్పు పడుతుంది. అందుకని షెడ్డుకు రెండు వందలు అదనంగా సమర్పించుకుని, పక్కలు తెరిచే ఉంచి, సీట్ల మీద పాత దినపత్రికలు పరిచి, తడిసినవి తీసి పొడివి వేస్తూ కూర్చున్నాం. కొవ్వొత్తి ముక్కతో జిప్పు పళ్లను రుద్దితే అది సాఫీగా నడిచింది. ఈ చిట్కా నాకు బస కాపలాదారు చెప్పాడు.

విశాఖకు తిరిగివచ్చాక సీట్లు విప్పితే రెగ్జిన్ పైపైన ఆరినట్టే ఉంది, లోపలి స్పాంజిని పిండితే గోధుమరంగు నీళ్లు వచ్చాయి. తివాచీని ఎత్తి చూస్తే దాని అడుగున రేకు మీద అప్పటికే ఎర్రటి తుప్పు, ఈ ఒక్క వానది కాదు, ఎన్నో వానలది. బావమరిది ఆ తివాచీని మళ్లీ వేయలేదు. గీకి, రంగు పూసి, కడిగి తుడుచుకునే రబ్బరు మ్యాటుతో సరిపెట్టాడు. స్పాంజి ముక్కలను వంటసోడా చల్లి మా డాబా మీద ఎండబెడితే, నాలుగో రోజుకు కూడా నడుమ చెమ్మ తగులుతూనే ఉంది. వడియాలు పెట్టుకునే చోటంతా మీ జీపే ఆక్రమించిందని మా అత్తగారు రోజూ ఒకసారి పైకి వచ్చి గుర్తుచేసి వెళ్లేవారు.