నడుముకు రెండు బిళ్లలు

గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టులో పట్టీలు, అంటే అమ్మకం లెక్కల చీటీలు, కొట్టే పని నాది. సీజన్లో కుర్చీలో కూలబడితే టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క తేలేదాకా లేవను. నాలుగేళ్లుగా నడుం నొప్పి. "వంగి కూర్చుంటారు, అందుకే" అని మా ఆవిడ. "నిటారుగానే కూర్చుంటున్నా కదే" అని నేను.

ఈ తగువు తీర్చడానికి ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు దిగాడు. ప్రాజెక్టు కోసం కొన్న ఎంపీయూ-6050 సెన్సర్ బిళ్ల ఒకటి మెడ కింద ప్లాస్టర్ వేసి అంటించాడు. భూమి ఎటు లాగుతోందో చూసి వీపు ఎంత వాలిందో చెబుతుందట. ఫోన్లో మూడు డిగ్రీలే చూపించింది. గెలిచాననుకున్నా.

"ఆగు మావయ్యా, అది పై వీపు సంగతి" అంటూ దాన్ని ఊడబీకి నడుం పూసల పైకొసన పెట్టాడు. రెండోది ఇంకాస్త కింద, మొలతాడు కంటే దిగువన. రెండింటి వాలుకీ ఉన్న తేడాయే నడుం వంపు. నిలబడితే సున్నా పెట్టుకున్నాం. వంగి కాలివేళ్లు అందుకోబోతే 51. నా కుర్చీలో, నా 'నిటారు'లో, 34! తుంటి వెనక్కి దొర్లిపోయి, నడుం దగ్గర లోపలికి ఉండాల్సిన వంపు బయటికొచ్చేసింది. పైన దొరబాబు, కింద గూని.

నేల మీద బాసింపట్టు వేసుకుని తినడం మంచిదని అందరికీ చెప్పేవాణ్ణి. అక్కడ 39. అటక మీంచి అమ్మ వాడిన పీట దించి దానిమీద కూర్చుంటే 27కి దిగింది. మోకాళ్ల కంటే తుంటి ఎత్తులో ఉంటే అంతగా వెనక్కి దొర్లదు మరి.

అన్నీ నమ్మేయకండి. చెమటకి ప్లాస్టర్ జారితే అంకె మారిపోతుంది. అరండల్‌పేట నుంచి బండి మీద వెళ్తే గ్రాఫంతా చిందరవందర. గుంతల కుదుపేదో భూమి లాగుడేదో ఆ బిళ్లకి తెలియదు.

30 దాటితే ఫోన్ వణికేలా పెట్టాడు. పట్టీ రాస్తుంటే ఆపకుండా వణుకుడే, పూట కూడా భరించలేకపోయా. నన్ను భయపెట్టింది వేరే. ఒకరోజు గ్రాఫులో గీత గంటా యాభై నిమిషాలు కదలకుండా ఉంది. అంతసేపూ నేను బొమ్మలా కూర్చున్నానన్నమాట. ఇప్పుడు అరగంటపాటు అంకె మారకపోతేనే వణుకుతుంది. లేచి టిక్కీల మధ్య ఓ చుట్టు తిరిగి, నాలుగు తుమ్ములు తుమ్మి వస్తాను. నొప్పి పూర్తిగా పోలేదు గానీ సాయంత్రం చెప్పులు వేసుకోవడానికి గోడ పట్టుకోవడం లేదు.

మొన్న మా ఓనరుగారు అడిగారు, "ఏవయ్యా, నీకీమధ్య ఫోన్లు మరీ ఎక్కువయ్యాయే?"